హాల్లో పాట వినడానికి ఎన్ని వాట్లు కావాలి?

ఎలక్ట్రానిక్స్ షాపులో ఒకే అరలో రెండు పెట్టెలున్నాయనుకుందాం. ఒకటి సౌండ్‌బార్. దాని మీద పెద్ద అంకెల్లో 600 వాట్లు, ధర పదిహేను వేల లోపు. పక్కనే ఓ స్టీరియో యాంప్లిఫయర్ (యాంప్), అంటే స్పీకర్లని నడిపే పెట్టె. దాని మీద ఛానెల్‌కి (అంటే ఒక్కో స్పీకరుకి) 50 వాట్లు, ధర అంతకు రెండింతలు. పైగా స్పీకర్లు విడిగా కొనుక్కోవాలి. వాట్లు తక్కువున్నదానికి డబ్బులెక్కువ ఎందుకని అడిగితే "అది బ్రాండ్ సార్" అని షాపువాడు తేల్చేస్తాడు.

అసలు ఆ రెండు అంకెలనూ ఒకే కొలతతో కొలవలేదు. సరిగ్గా కొలిచారనే అనుకున్నా, వాటిని చూసి గదిలో ఎంత శబ్దం వస్తుందో చెప్పలేం. బోరు మోటారుకి ఎన్ని హార్స్‌పవరో తెలిస్తే ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుందో తెలియదు కదా. బోరు ఎంత లోతు, పైపు ఎంత లావు అన్నవి కూడా కావాలి. ఇక్కడ పైపు స్పీకరు, లోతు మీరు కూర్చునే దూరం. వాట్ల సంగతి ఆ తర్వాతే వస్తుంది.

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ కొలత కూడికల లెక్కన కాక గుణకారాల లెక్కన నడుస్తుంది. యాంప్ ఇచ్చే శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. పది రెట్లు చేస్తే 10, వంద రెట్లు చేస్తే 20. చెవికి మాత్రం "ఇప్పుడు రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పది రెట్ల వాట్లు.

ఈ లెక్క ఒంటబడితే షాపులో సగం గందరగోళం తీరుతుంది. 60 వాట్ల యాంప్‌కీ 80 వాట్ల యాంప్‌కీ తేడా 1.25 డెసిబెల్స్. పక్కపక్కన పెట్టి వినిపించినా పోల్చుకోవడం కష్టం. 50 నుంచి 100కి వెళ్తే 3 డెసిబెల్స్, వాల్యూమ్ కాస్త పెంచినట్టుంటుంది. 50 వాట్ల యాంప్ ఇచ్చే మోతకి రెండింతల మోత కావాలంటే కొనాల్సింది 500 వాట్లది.

పెట్టె మీద అంకె ఎక్కడ నుంచి వస్తుంది

తొంభైల్లో, ఆ తర్వాత కొన్నేళ్లూ కంప్యూటర్ స్పీకర్లు కొన్నవాళ్లకి పీఎంపీఓ అన్న మాట గుర్తుండే ఉంటుంది. పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్ అని దాని పూర్తి పేరు. దీన్ని ఫలానా విధంగా కొలవాలన్న ప్రమాణం ఏదీ లేదు. అరచేతిలో పట్టే స్పీకర్ల మీద కూడా వందల వాట్లు రాసేవారు. వాటికిచ్చిన అడాప్టర్ తిప్పి చూస్తే 9 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉండేది. తొమ్మిదిని ఒకటితో గుణిస్తే 9 వాట్లు. గోడలోంచి వచ్చేది తొమ్మిదైతే స్పీకర్లోంచి నిలకడగా వచ్చేది అంతకన్నా తక్కువే కదా.

ఆర్‌ఎంఎస్ వాట్లు అనేది దీనికన్నా ఎంతో నమ్మదగిన మాట. యాంప్ ఆగకుండా నిలకడగా ఇవ్వగల శక్తి అని దాని అర్థం. (శాస్త్రం ప్రకారం ఆర్‌ఎంఎస్ అనే మాట వోల్టేజీకి చెందినది, శక్తికి కాదు. కానీ వాడుకలో స్థిరపడిపోయింది, ఇప్పుడెవరూ మార్చలేరు.) అయితే దాని వెనకా దాక్కునే చోట్లున్నాయి. ఎన్ని ఛానెళ్లు ఒకేసారి నడిపి కొలిచారు? ఎన్ని ఓమ్స్ (స్పీకరు కరెంటుకి ఇచ్చే నిరోధం) దగ్గర? ఎంత డిస్టార్షన్ (శబ్దం వికృతమవడం) వచ్చేదాకా? ఏవీ రిసీవర్ల (హోమ్ థియేటర్ స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్‌ల) ప్రకటనల్లో పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు ఒకే ఛానెల్ నడిపి, 6 ఓమ్స్ దగ్గర, 1 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కటే ఇచ్చి, 10 శాతం డిస్టార్షన్ దాకా తోసి కొలిచింది. 10 శాతం డిస్టార్షన్ అంటే పాట చెడిపోయిందని మామూలు చెవికే తెలిసిపోయే స్థాయి. అదే యంత్రాన్ని రెండు ఛానెళ్లు కలిపి, 8 ఓమ్స్ దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలిస్తే అంకె సగానికి దగ్గరగా పడిపోవడం మామూలే. ఈ రెండో అంకె కూడా మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

ఈ తంటా కొత్తదేం కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇంటి యాంప్‌ల వాట్ల ప్రకటనలకి ఒక నియమం పెట్టింది. ఏ పరిస్థితుల్లో కొలిచారో చెప్పి తీరాలంది గానీ, ఆ పరిస్థితులేమిటో కంపెనీలకే వదిలేసింది. 2024లో సవరించి 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, డిస్టార్షన్‌కి ఒక హద్దు అని గీత గీసింది. అది అమెరికా నియమమే అయినా అదే మోడల్ అక్కడా ఇక్కడా అమ్ముతుంటే, అక్కడి స్పెసిఫికేషన్ చూడటం మనకీ పనికొస్తుంది.

కోఠిలో దొరికే బోర్డు మీద కట్టిన లెక్క

కంపెనీ సరుకు సంగతి అది. సొంతంగా అసెంబుల్ చేయించుకునేవాళ్ల లోకం వేరు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో 5200-1943 బోర్డు అంటే అర్థమైపోతుంది. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 అనే ట్రాన్సిస్టర్ల జతతో చేసిన బోర్డు అది. 200 వాట్లని ఒకరు, 300 అని మరొకరు చెబుతారు. అసలు సంగతి బోర్డులో కన్నా దానికి తగిలించే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటుంది.

24-0-24 (మధ్య తీగకి రెండు వైపులా 24 వోల్టుల ఏసీ ఇచ్చేది), 5 ఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. 24ని 1.414తో గుణిస్తే సుమారు 34. డయోడ్లలో ఒకటి పోగా అటు ప్లస్ 33, ఇటు మైనస్ 33 వోల్టుల డీసీ వస్తుంది. లోడు పడ్డప్పుడు తగ్గేది, ట్రాన్సిస్టర్లు మింగేది తీసేస్తే స్పీకరుకి చేరే గరిష్ఠ వోల్టేజీ 30 అనుకోవచ్చు. 30ని 30తో గుణించి, 8 ఓమ్స్‌కి రెండింతలైన 16తో భాగిస్తే 56 వాట్లు. 4 ఓమ్స్ స్పీకరైతే 112. బోర్డు మీద ఎన్ని ట్రాన్సిస్టర్లున్నా ఈ ట్రాన్స్‌ఫార్మర్‌తో 8 ఓమ్స్ దగ్గర 56 దాటదు.

ఇంకో మెలిక. 48 వోల్టుల్ని 5 ఆంపియర్లతో గుణిస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ సత్తా 240 వోల్ట్-ఆంపియర్లు. రెండు ఛానెళ్లనీ 4 ఓమ్స్ దగ్గర 112 వాట్ల చొప్పున ఆపకుండా నడపాలంటే బయటికొచ్చేదే 224. ఈ తరహా (క్లాస్ ఏబీ) యాంప్ లోపల వేడిగా పోగొట్టేది కలిపితే 300 దాటిపోతుంది. అంతసేపు తట్టుకోలేక ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అయినా జనం అలాంటి సెట్లు ఏళ్ల తరబడి వాడుతూనే ఉన్నారు, కాలడం లేదు. అదెలాగో చూసేముందు ఇంకొక్క లెక్క.

12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో, టీడీఏ2030 ఐసీతో చేసిన చిన్న బోర్డుకి ఇదే లెక్క వేస్తే 8 ఓమ్స్ దగ్గర 11 వాట్లు తేలుతుంది. పదకొండేనా అని పెదవి విరవకండి.

ఒక్క వాట్‌తో స్పీకరు ఎంత మోగుతుంది

స్పీకరు స్పెసిఫికేషన్‌లో అందరూ చూసే అంకె 100 వాట్లు, 150 వాట్లు అనేది. అది స్పీకరు తట్టుకోగలిగే వేడికి హద్దు. దాన్నిబట్టి స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పలేం. అది చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో అది.

ఇంట్లో వాడే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు 84 నుంచి 90 మధ్య ఉంటాయి. బీబీసీ వాళ్లు తమ ప్రసార పనుల కోసం డిజైన్ చేసిన ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు 82, 83 దగ్గరే ఆగిపోతుంది. మరో కొసన క్లిప్ష్ కంపెనీ పెద్ద హార్న్ స్పీకర్లు 105 దాకా చెబుతాయి. ఆ రెంటి మధ్య తేడా 22 డెసిబెల్స్. వాట్లలోకి మారిస్తే నూట యాభై రెట్లకు పైనే. చిన్నదానికి 150 వాట్లు పెడితే వచ్చే శబ్దం పెద్దదానికి ఒక్క వాట్‌తో వస్తుంది. యాంప్ మార్చి ఇంత తేడా తెచ్చుకోవడం చాలా కష్టం.

ఈ యంత్రం ఎంత దుబారా మనిషో కూడా తెలుసుకోవాలి. 87 డెసిబెల్స్ స్పీకరు తనకిచ్చిన శక్తిలో సుమారు 0.3 శాతాన్నే శబ్దంగా మారుస్తుంది. వంద రూపాయలిస్తే ముప్పై పైసల పాట, మిగతా అంతా స్పీకరు లోపలి తీగచుట్టలో (వాయిస్ కాయిల్లో) వేడి.

సెన్సిటివిటీలోనూ ఓ మాయ ఉంది. కొందరు "ఒక వాట్" అని కాక "2.83 వోల్టులు" అని కొలుస్తారు. 8 ఓమ్స్ స్పీకరుకి రెండూ ఒకటే. 4 ఓమ్స్ స్పీకరు మాత్రం 2.83 వోల్టులకి రెండు వాట్లు లాగుతుంది కాబట్టి దాని అంకె 3 డెసిబెల్స్ ఉబ్బి కనిపిస్తుంది.

12 బై 14 హాలులో

అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఉండే ఓ హాలు తీసుకుందాం. స్పీకర్లకీ సోఫాకీ మధ్య పది అడుగులు, అంటే 3 మీటర్లు. స్పీకర్లు 87 డెసిబెల్స్‌వి. ఆరుబయటైతే ఒక మీటరు నుంచి మూడు మీటర్లకి వచ్చేసరికి 9.5 డెసిబెల్స్ తగ్గాలి. స్పీకర్లు రెండు కాబట్టి 3 తిరిగొస్తుంది. గోడల మీంచి తిరిగొచ్చే శబ్దం వల్ల ఇంకో 3 వస్తుందనుకుందాం. ఈ ఆఖరిది గదిని బట్టి మారుతుంది: సోఫాలు, కర్టెన్లు నిండిన గదిలో తక్కువ, నున్నటి టైల్స్, ఖాళీ గోడలున్న గదిలో ఎక్కువ. మొత్తానికి స్పీకరుకి ఒక వాట్ చొప్పున ఇస్తే సోఫా దగ్గర సుమారు 83 డెసిబెల్స్ వస్తుంది.

సగటున 80 డెసిబెల్స్ అంటే ఇంట్లో బాగానే గట్టిగా వింటున్నట్టు, పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. దానికి కావాల్సింది స్పీకరుకి అర వాట్. అవును, అర వాటే. పై ట్రాన్స్‌ఫార్మర్ కాలకపోవడానికి కారణం ఇదే. సంగీతం సగటున అడిగేది చాలా తక్కువ.

మరి మిగతా వాట్లన్నీ దేనికి? పాట ఒకే ఎత్తులో సాగదు కాబట్టి. మృదంగం మీద ఒక్క దెబ్బ పడ్డ క్షణంలో స్థాయి సగటుకి ఎంతో పైకి ఎగిరి, మరుక్షణం కిందికి వస్తుంది. ఎంత పైకన్నది రికార్డింగ్‌ని బట్టి ఉంటుంది. ఈ మధ్య సినిమా పాటల్లో చాలావాటిని మాస్టరింగ్‌లో బాగా నొక్కేస్తున్నారు, ఎగుడుదిగుడులు 10 డెసిబెల్స్ లోపే. అంటే పీక్ 90 డెసిబెల్స్, మన హాలులో 5 వాట్లు. శ్రద్ధగా రికార్డు చేసిన తని ఆవర్తనంలో (కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో) పీక్‌లు సగటుకి 20 డెసిబెల్స్ పైకి పోవచ్చు. అంటే 100 డెసిబెల్స్, స్పీకరుకి 50 వాట్లు. అదే గది, అదే చెవి, సగటున అదే శబ్దం. పాట మారితే అవసరం పది రెట్లు మారింది. "నాకు పది వాట్లు చాలు" అనేవాడూ, "వంద లేకపోతే ఎలా" అనేవాడూ ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

ఇప్పుడు స్పీకరు మార్చి చూడండి. తని ఆవర్తనానికే, 84 డెసిబెల్స్ స్పీకరైతే 100 వాట్లు కావాలి. 90 అయితే 25. 98 డెసిబెల్స్ హార్న్ అయితే 4 వాట్లు. వాక్యూమ్ ట్యూబ్ యాంప్‌ల ప్రియులు 300బి ట్యూబ్ ఒక్కటితో వచ్చే ఎనిమిది వాట్లతో హాయిగా వింటున్నామంటే పిచ్చి కాదు. వాళ్ల స్పీకర్లు అలాంటివి.

వాట్లు చాలకపోతే ఏమవుతుంది

యాంప్ తన గరిష్ఠ వోల్టేజీ దాటి ఇవ్వలేదు. పాటలోని పీక్ అంతకన్నా ఎత్తుకి పోబోతే అల పైభాగం కత్తితో కోసినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. క్షణంలో వందో వంతు క్లిప్ అయితే చెవికి అందకపోవచ్చు. మాటిమాటికీ అవుతుంటే శబ్దం గరగరలాడుతుంది, తబలా దెబ్బలో పదును పోతుంది.

ఇక్కడే ఓ పాత తగువు. చిన్న యాంప్ ట్వీటర్లని (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లని) కాలుస్తుంది, పెద్దది కాల్చదు అని ఒక వర్గం. క్లిప్ అయిన అల డీసీలా మారి ట్వీటర్‌ని చంపుతుందని వాళ్ల వివరణ. ఆ వివరణ నిలవదు, ఎందుకంటే ట్వీటర్‌కి వరసలో ఉండే కెపాసిటర్ డీసీని రానివ్వదు. కానీ వాళ్లు చూసిన ట్వీటర్లు మాత్రం నిజంగానే కాలాయి. అసలు జరిగేది వేరు. వాల్యూమ్ తిప్పుతూ పోతే బాస్ పీక్‌లు కప్పుకి తగిలి ఆగిపోతాయి, వాటికి దిగువనున్న ట్రెబుల్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. క్లిప్పింగ్ పుట్టించే కొత్త స్వరాలు కూడా పైకే చేరతాయి. నిలకడగా కొద్ది వాట్లే తట్టుకోగల ట్వీటర్‌కి అలా సగటు శక్తి పెరిగిపోతుంది. కాబట్టి తప్పు చిన్న యాంప్‌దనడం కన్నా, అది చాలదని తెలిసీ నాబ్ తిప్పుతూ పోయిన చేతిది అనడం నయం. పెద్ద యాంప్‌తోనూ అదే చేయి అదే పని చేస్తే ఈసారి కాలేది బాస్ పలికే వూఫర్.

వాట్లు ఎంత ఉన్నా ఎక్కువ కాదనే వర్గం చెప్పేదీ తోసిపుచ్చలేం. పీక్‌లకి చోటు, అంటే హెడ్‌రూమ్, మిగిలి ఉంటే యాంప్ ఎప్పుడూ ఇబ్బంది పడదు. చాలు అనే వర్గం అడిగేది ఒకటే: వాడని వాట్లకి డబ్బు, బరువు, వేడి ఎందుకు? నా మొగ్గు ఈ రెండో వర్గం వైపు, ఒక మినహాయింపుతో. ఆ మినహాయింపు పేరు ఓమ్స్.

ఓమ్స్ తెచ్చే చిక్కు

స్పీకరు వెనక 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అది అన్ని స్వరాల దగ్గరా 8 కాదు. ఒకచోట 30కి ఎగబాకుతుంది, ఇంకోచోట 6.5కి దిగుతుంది. ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి, అంటే 8కి 6.4 కంటే కిందికి దిగకూడదు. మార్కెట్‌లో ఈ గీత దాటిన స్పీకర్లు లేకపోలేదు. ఓమ్స్ తగ్గినచోట యాంప్ ఎక్కువ కరెంట్ ఇవ్వాలి. రెండు యాంప్‌లకీ 8 ఓమ్స్ దగ్గర 60 వాట్లే ఉన్నా, గట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది 4 ఓమ్స్ దగ్గర 100కి పైగా ఇస్తుంది. అది లేని రెండోది వేడెక్కి, తనని కాపాడుకోవడానికి తనే ఆగిపోతుంది. షాపులో యాంప్ ఎత్తి బరువు చూసే పెద్దవాళ్ల అలవాటుకి అర్థం ఇదే. తక్కువ వేడితో నడిచే క్లాస్ డి యాంప్‌లు వచ్చాక ఈ ఉపాయం చెల్లడం లేదనుకోండి, కిలో బరువులేని పెట్టెలు కూడా వంద వాట్లు ఇస్తున్నాయి.

సినిమా చూసేవాళ్ల లెక్క వేరు

సినిమా హాలు ప్రమాణం ప్రకారం ఒక్కో ఛానెల్ పీక్ 105 డెసిబెల్స్ దాకా పోవాలి. మన హాలులో ఒకే స్పీకరు వాట్‌కి 80 ఇస్తుంది కాబట్టి ఇంకా 25 డెసిబెల్స్ కావాలి, అంటే 316 వాట్లు. భయపడక్కర్లేదు, ఇంట్లో ఆ స్థాయిలో చూసేవాళ్లు అరుదు. 10 డెసిబెల్స్ తగ్గించి చూస్తే 32 వాట్లు, 20 తగ్గిస్తే 3.

పైగా బరువంతా మోసేది సబ్‌వూఫర్. 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని దానికి అప్పగిస్తే మిగతా స్పీకర్ల యాంప్‌కి పెద్ద భారం దిగిపోతుంది. మన చెవికి బాస్ సరిగా వినబడదు కూడా. మధ్య స్వరం 60 డెసిబెల్స్ దగ్గర వినిపించినంత గట్టిగా 30 హెర్ట్జ్ వినిపించాలంటే అది 30 డెసిబెల్స్‌కి పైనే ఎక్కువ ఉండాలి. సబ్‌వూఫర్‌లో 200, 300 వాట్ల యాంప్ ఉండటం అందుకే ఆడంబరం కాదు.

ఇదంతా గోడ అవతల ఎవరూ లేరనుకుని వేసిన లెక్క. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి పది తర్వాత 45 డెసిబెల్స్ అని ఉంది. సొంత సౌండ్ సిస్టమ్ మోత ఇంటి హద్దు దగ్గర ఆ స్థాయిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకి 200 వాట్ల యాంప్ ఉన్నా వాడుకునే అవకాశం ఏడాదిలో ఎన్నిసార్లో లెక్కపెట్టుకోవచ్చు. చెవికీ ఓ లెక్కుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెల్స్‌ని వారానికి 40 గంటల దాకా పరవాలేదంటుంది. 90 దగ్గర అది 4 గంటలకి పడిపోతుంది.

మల్టీమీటర్ చెప్పే జవాబు

పై లెక్కల్లో గది గురించి ఊహలున్నాయి. అవేవీ లేకుండా తేల్చే దారి ఒకటుంది, ఖర్చు ఒక మామూలు మల్టీమీటర్. మీరు ఎప్పుడూ వినే పాట పెట్టి, ఇంతకుమించి గట్టిగా ఎప్పటికీ వినను అనిపించే చోట వాల్యూమ్ ఆపారనుకోండి. నాబ్ కదపకుండా పాట తీసేసి, రికార్డింగ్‌లో పట్టే పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ తక్కువలో రికార్డు చేసిన 120 హెర్ట్జ్ స్వరం పెడితే, స్పీకరు తీగల కొసల దగ్గర మీటరు ఏసీ వోల్టులు చూపిస్తుంది. 120 హెర్ట్జ్ ఎందుకంటే చవక మీటర్లు ఆ దరిదాపుల్లోనే నిజం చెబుతాయి. 12 డెసిబెల్స్ అంటే వోల్టేజీలో నాలుగు రెట్లు. కాబట్టి చూపించిన అంకెని నాలుగుతో గుణిస్తే, రికార్డింగ్‌లో పట్టే అతి పెద్ద పీక్‌కి యాంప్ ఇవ్వాల్సిన వోల్టేజీ తేలుతుంది. దాన్ని దానితోనే గుణించి ఓమ్స్‌తో భాగిస్తే వాట్లు.

మీటరు 1.5 చూపిస్తే 6 వోల్టులు, 8 ఓమ్స్ దగ్గర 4.5 వాట్లు. ఆ ఇంట్లో ఇప్పటికే 100 వాట్ల యాంప్ ఉంటే దాని పైనున్న 95 వాట్లు పని లేకుండా కూర్చున్నాయి, 11 వాట్ల టీడీఏ బోర్డు కూడా అక్కడ గట్టెక్కేస్తుంది. 3 చూపిస్తే 18 వాట్లు. 5 చూపిస్తే 20 వోల్టులు, 50 వాట్లు. ఆ ఇంట్లో ఉన్నది 30 వాట్ల యాంపైతే పెద్ద దెబ్బ పడ్డప్పుడల్లా అది క్లిప్ అవుతున్నట్టే. వాళ్లకి రెండు దారులు: 60 వాట్ల యాంప్ తెచ్చుకోవడం, లేదా ఉన్న యాంప్ ఉంచి 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు తెచ్చుకోవడం. సోఫాని మూడడుగులు ముందుకి జరపడం మూడో దారి, దానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.